సవరణ: మెయిల్‌బాక్సు అనాథ అవునో కాదో తేదీ చెప్పదు

ఈమెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన డవ్‌కాట్‌లో అనాథ (ఖాతా లేకుండా మిగిలిపోయిన) మెయిల్‌బాక్సులను ఏరివేసే స్క్రిప్టు గురించి ఇంతకుముందు రాసినదానిలో ‘90 రోజులుగా మార్పు లేని ఫోల్డర్లను తొలగించండి’ అనే వాక్యం ఉంది. దయచేసి దాన్ని కొట్టివేయండి.

ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో ఫైలుగా దాచే మెయిల్‌డిర్ పద్ధతిలో కొత్త ఉత్తరం ‘న్యూ’ అనే లోపలి ఫోల్డర్‌లో పడుతుంది. అప్పుడు మారేది ఆ ఫోల్డరు తేదీయే. ఖాతాదారు పేరిట ఉన్న పై ఫోల్డరు తేదీ పాతదిగానే ఉండవచ్చు. అంటే రోజూ ఉత్తరాలు అందుతున్న ఖాతా కూడా తుడిచిపెట్టుకుపోగలదు. ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగి ఉత్తరాలు అలా పోతే ఎవరు తెచ్చిస్తారు?

ఖాతాల జాబితాలో పేరు లేకుండా డిస్కులో మిగిలిపోయినదే అనాథ. డవ్‌కాట్ నిర్వహణకు వాడే ‘డవ్ఏడీఎం యూజర్’ (doveadm user) ఆదేశానికి నక్షత్రం గుర్తు జోడించి జాబితా తీసుకోండి, ఫోల్డర్ల పేర్లతో పోల్చండి. అయితే ఖాతాలు ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉండి, ఖాతాలన్నిటినీ వరుసగా అడిగే ‘ఇటరేట్ క్వెరీ’ (iterate_query) సరిగా అమర్చకపోతే పూర్తి జాబితా రాదు. ఆదేశం విఫలమైనా, జాబితా ఖాళీగా వచ్చినా స్క్రిప్టు అక్కడే ఆగిపోవాలి. లేకుంటే దానికి ప్రతి ఖాతా అనాథగానే కనిపిస్తుంది! ఈ ఒక్క తనిఖీ లేకుండా స్క్రిప్టును క్రాన్‌లో (నిర్ణీత వేళకు పనులను దానంతటదే నడిపే ఏర్పాటులో) పెట్టవద్దు.

దొరికిన ఫోల్డర్లను ముందు వేరే చోటికి తరలించండి. కనీసం నెల గడిచాకే తొలగించండి.