దయచేసి దుప్పటి ఎత్తకండి

హైదరాబాద్‌లో ఆటో ఎక్కి 'నర్సింగ్ హోమ్' అంటే కాన్పులూ అపెండిక్స్ ఆపరేషన్లూ చేసే చోట దింపుతాడు. మంచాన పడ్డ పెద్దవాళ్లను రాత్రింబగళ్లు చూసుకునే చోటుకు మన ఊళ్లో వేరే పేర్లున్నాయి. 'ఆశ్రమం' అంటే ఒక రేటు. 'ఓల్డేజ్ హోమ్' అంటే ఇంకో రేటు. 'అసిస్టెడ్ లివింగ్' అంటే మాత్రం రేటు ఫోన్లో చెప్పరు, "ఒకసారి విజిట్ చేయండి సార్" అంటారు.

విజిట్ చేయడానికి సంతానానికి దొరికేది ఒకే ఒక్క మధ్యాహ్నం. కొంపల్లిలో ఒకటి, మొయినాబాద్‌లో ఒకటి చూసి, ఔటర్ మీదుగా తిరిగొచ్చి, సాయంత్రానికి అడ్వాన్సు కట్టేయాలి. కాబట్టి నాణ్యతను త్వరగా తేల్చే శాస్త్రీయ పద్ధతి ఒకటి అవసరం. నగరంలో ఇప్పటికే అమల్లో ఉన్నదాన్నే ఇక్కడ క్రోడీకరిస్తున్నాం.

ఈ విషయంలో అమెరికావాళ్లు బాగా వెనకబడ్డారు. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే పెద్దవాళ్లను చూసుకునే చోటే. పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వాళ్లు 2008 చివరి నుంచి వాటికి ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు ఇస్తున్నారు. అందుకోసం తనిఖీ బృందాలు చెప్పాపెట్టకుండా వెళ్లాలి, ఒక్కో మనిషికి ఎన్ని గంటల నర్సింగ్ అందిందో జీతాల లెక్కల్లోంచి తవ్వి తీయాలి. ఎంత శ్రమ! మనకు గూగుల్ మ్యాప్ ఉంది. 4.8 స్టార్లు, 'వెరీ గుడ్ సర్వీస్' అని ఒకే వారంలో డజను మంది. వాళ్లలో మంచం మీదున్నవాళ్లు ఒక్కరూ లేరేమిటని సందేహించకండి. వాళ్ల ఫోన్లకు చార్జింగ్ ఉండదు. కారణం తర్వాత తెలుస్తుంది.

మొదటి పరీక్ష రిసెప్షన్. గాజు తలుపు, ఏసీ, అక్వేరియం, బాబా పటం. అక్వేరియంలో నీళ్లు తేటగా ఉన్నాయంటే సంస్థలో ఏదో ఒక ప్రాణిని శ్రద్ధగా చూస్తున్నారనే అర్థం. ఇక్కడ ముక్కును నమ్ముకునే చాదస్తులు కొందరున్నారు. ఒక గదిలో మూత్రం వాసన వస్తే ఇప్పుడే ఏదో జరిగిందని, వరండా అంతా వస్తే అది రోజూ జరుగుతోందని, ఉదయం పదకొండుకే ఫినాయిలూ రూమ్ ఫ్రెష్‌నరూ కలిసి కళ్లు మండిస్తుంటే మీరొస్తారని వాళ్లకు ముందే తెలుసని వీళ్ల సిద్ధాంతం. పట్టించుకోకండి.

మేనేజర్ గారు "అమ్మగారిని మా సొంత అమ్మలా చూసుకుంటాం సార్" అంటారు. ఆయన సొంత అమ్మ ఎక్కడుంటోందో అడగడం మర్యాద కాదు.

చేర్చాక నాణ్యతకు కొలమానం వీడియో కాల్. ఆదివారం ఉదయం అమ్మకు తల దువ్వి, పౌడర్ అద్ది, బొట్టు పెట్టి, వీల్‌చైర్‌లో తులసి కోట పక్కన కూర్చోబెట్టి ఫోన్ పడతారు. ఫోన్ ఎప్పుడూ మెడ పైనే ఉంటుంది. పడక పుండ్లు మాత్రం వైద్యశాస్త్రం మొండితనం వల్ల నడుం కిందే ఎక్కువ వస్తాయి. వెన్ను చివర త్రికాస్థి దగ్గర, తుంటి పక్కన, మడమల వెనక. ఎముకకూ మంచానికీ మధ్య చర్మం నలిగి రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే పని మొదలవుతుంది. చెమటా తడి డైపరూ తోడైతే ఇంకా త్వరగా. అందుకే కదల్లేని మనిషిని రెండేసి గంటలకు పక్క మార్చమంటారు.

దుప్పటి ఎత్తితే ఏం చూడాలో కూడా ఆ చాదస్తులు చెబుతారు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలాలట. ఒక క్షణం తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదటి దశలో ఉన్నట్టే, పైన చర్మం చిట్లకపోయినా సరే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు కాబట్టి చేత్తో తాకాలి. చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తగానో తగిలితే అనుమానించాలి. ఇంత చేసి తెలుసుకునేదేమిటి? మనసు పాడవడం తప్ప!

దుప్పటి ఎత్తే బదులు మంచానికి వేలాడే చార్టు చూడండి. పక్క మార్చిన వేళలన్నీ అందులో ఉంటాయి. ఉదయం 6కి ఎడమ, 8కి కుడి, 10కి వెల్లకిలా. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే ఊపులో. మీరు మధ్యాహ్నం మూడింటికి వెళ్తే సాయంత్రం ఆరుదాకా నింపేసి ఉంటుంది. దాన్ని తప్పుడు లెక్క అనకండి, ముందుచూపు అనండి.

ఎయిర్ బెడ్ వేశారా? వేశారు, బిల్లులో ఉంది. గళ్లలోకి గాలి మార్చి మార్చి కొట్టే చిన్న పంపు మంచం కాళ్ల దగ్గర వేలాడుతుంటుంది. దాని మీద మనిషి బరువును బట్టి తిప్పే మర ఒకటి ఉంటుంది. అది ఎవరూ తిప్పరు, ఫ్యాక్టరీలో ఎక్కడ ఆగిందో అక్కడే. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే తుంటి కింద, పరుపు అడుగు నుంచి అరచేయి దూర్చాలి. మనిషి ఎముక చేతికి తగులుతుంటే పరుపు కూలిపోయినట్టే. కనీసం అంగుళం గాలి ఉండాలి. దాని మీద రబ్బరు షీటు, రెండు మడతల దుప్పటి, ఒక తువ్వాలు పరిస్తే గాలి చేసిన పుణ్యమంతా హరీ. పైగా ఆ పంపు రాత్రంతా బుసబుసమంటుంది. గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు. ఆయా ఫోన్‌కూ చార్జింగ్ కావాలి కదా.

ఇక నీళ్ల సంగతి. బయటివాళ్లకు తట్టని మేనేజ్‌మెంట్ కళ ఇది. సాయంత్రం నాలుగు దాటాక నీళ్లు తగ్గిస్తే రాత్రి డైపర్ ఒక్కటి చాలు. లేకపోతే రెండు, ఒక్కోసారి మూడు, వాటితోపాటు మనిషిని ఎత్తడానికి ఇంకో మనిషి. మే నెలలో 42 డిగ్రీల ఎండలో కూడా ఈ పొదుపు నిరాటంకంగా సాగుతుంది. గుర్తులు తేలిక: నాలుక అట్టకట్టి ఉంటుంది, యూరిన్ బ్యాగులో ఇరానీ చాయ్ రంగు కనిపిస్తుంది. ఆ బ్యాగును కూడా మంచం పట్టీకి, మూత్రాశయం కంటే కిందుగా, నేలకు తగలకుండా వేలాడదీయాలి. కానీ వీల్‌చైర్‌లో తీసుకెళ్లేటప్పుడు ఒళ్లో పెట్టేస్తే ఎంత సులువు! బ్యాగులోకి పోయిన మూత్రం పోయినట్టే ఒంట్లోకి వెనక్కి వెళ్తుంది.

తర్వాత మూత్రంలో ఇన్ఫెక్షన్. పెద్దవయసులో దానికి జ్వరం రావాలని లేదు. మొన్నటిదాకా మనవల పేర్లు చెప్పిన మనిషి రెండు రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టదు, రాత్రంతా కేకలు. "వయసు కదా సార్, మతిమరుపు" అంటారు మేనేజర్ గారు. మూత్రం పరీక్షకు పంపే బదులు మానసిక జబ్బులకిచ్చే చిన్న మాత్ర వేస్తారు. మతిమరుపు ఉన్న వృద్ధులకు ఈ జాతి మందులు ఇస్తే మరణాలు పెరుగుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే మందు సమాచార పత్రంలో నల్లగీతల చట్రం కట్టి హెచ్చరిక వేయించింది. అయితే మాత్ర పనిచేస్తుందన్నది కూడా కాదనలేం. మీరు మధ్యాహ్నం వెళ్తే ఆయా ముందే చెబుతుంది: "ఇప్పుడే పండుకున్నది సార్, లేపమంటారా?"

లేపకండి.

ఇన్సులిన్ వేసేవాళ్లను సిరంజి మూత రంగు అడగడం ఇంకో చెడ్డ అలవాటు. మన దగ్గర సీసాలు ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లవి, వాటి సిరంజికి ఎర్ర మూత. 100 యూనిట్ల మందుకు నారింజ మూత. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో అదే గీత దాకా లాగితే రెండున్నర రెట్ల డోసు. తెల్లవారుజామున చెమటలు పట్టి పిలిస్తే పలకని మనిషిని చూసి "మంచి నిద్రలో ఉంది" అని డ్యూటీ దిగిపోతారు.

'24 గంటలూ నర్సు' అన్న బోర్డును తెలుగులో సరిగ్గా అర్థం చేసుకోవాలి. 24 గంటల్లో ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తే నర్సు ఎక్కడో ఒకచోట ఉందని. రాత్రి రెండింటికి ఈ అంతస్తులో ఎంతమంది మెలకువగా ఉంటారు, ఇద్దరు పట్టుకుని లేపితే తప్ప లేవలేనివాళ్లు ఎందరు అని అడిగి రోస్టర్ చూపమంటే మేనేజర్ గారికి హఠాత్తుగా ఫోన్ వస్తుంది. మంచం పక్కన బెల్ ఉంది చూడండి, అది నొక్కి మనసులో అంకెలు లెక్కపెట్టకండి. వైరు చివర స్విచ్చును తలగడకు అందకుండా గోడ మేకుకు చుట్టి ఉంచడంలో కూడా ఒక అర్థముంది.

భోజనానికి మెనూ బోర్డు చాలు. బరువు రిజిస్టర్ అడగొద్దు. 60 కిలోల మనిషి నెలలో 57కి దిగితే, అంటే 5 శాతం, డాక్టర్లు కంగారుపడతారు. పిల్లలు "అమ్మ సన్నబడింది, షుగర్ కంట్రోల్‌లో ఉన్నట్టుంది" అని సంతోషిస్తారు. ట్యూబు ద్వారా జావ పోసేవాళ్లకు మాత్రం తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, పోశాక కూడా కనీసం అరగంట అలాగే ఉంచాలి. వెంటనే వెల్లకిలా పడుకోబెడితే జావ పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆ తర్వాత వచ్చే న్యుమోనియాను వాతావరణం మార్పు అంటారు.

చట్టమంటారా, 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. అందులో పిల్లలు ఇవ్వాల్సిన నెలభత్యానికి గరిష్ఠ పరిమితి పదివేలు. సీనియర్ సిటిజన్ల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది. రిసెప్షన్ గోడ మీద అంబులెన్స్, ప్లంబర్, వాటర్ ట్యాంకర్ నంబర్ల పక్కన ఎక్కడైనా కనపడుతుందేమో వెతకండి.

చెప్పకుండా వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబర్, టైము, సంతకం రాయిస్తాడు. ఒక చేత్తో పుస్తకం పట్టుకుని రెండో చేత్తో పైకి ఫోన్ కొడతాడు. మీరు రాసి, చెప్పులు విడిచి, లిఫ్ట్ ఎక్కి పైకొచ్చే వ్యవధి సరిగ్గా ఒక డైపర్ మార్చడానికి సరిపోతుంది. వెళ్లేసరికి కొత్త దుప్పటి. అమ్మ కాళ్లకు, బయట రోడ్డు కరుగుతున్న మే నెలలో, ఊలు సాక్సులు. ఎంత శ్రద్ధో అని కళ్లు చెమరుస్తాయి. ఎడమ సాక్సు మడమ దగ్గర గుండ్రంగా తడిసి, కాస్త పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. పాదాలకు దణ్ణం పెట్టుకోండి, కానీ వేళ్ల వైపు నుంచి. సాయంత్రం ఫ్లైటుంది కదా, శంషాబాద్ దాకా ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఏమో.