మూసీ లెక్కల్లో లేని అనంతగిరి

హైదరాబాద్‌లో మూసీ నది ప్రక్షాళన గురించి మాట్లాడేవారంతా నగరంలోని బాపూఘాట్ దగ్గరే మొదలుపెడతారు. ఈసీ, మూసీ నదులు కలిసేది అక్కడ కాబట్టి. మూసీ పుట్టింది మాత్రం ఎంతో ఎగువన, వికారాబాద్ పక్కనున్న అనంతగిరిలో. ఆ కొండను హైదరాబాద్ ఆదివారం విడిదిగానే చూస్తోంది. నా అభ్యంతరం అదే.

అనంతగిరి అగ్నిపర్వతం కాదు గానీ, అది నిలిచింది లావా మీదే. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ నేల నెర్రెలిచ్చి, ఆ పగుళ్లలోంచి లావా పొరలు పొరలుగా పారింది. పడమటి కనుమల్లో ఆ పొరల మందం కిలోమీటరు దాటుతుంది. వికారాబాద్ చేరేసరికి అవి పలచబడి ఆగిపోయాయి. చదునుగా పరుచుకున్న ఆ రాతిని వానలు, వాగులు కోసుకుపోగా మిగిలిందే ఈ కొండ. ఇదే జిల్లాలోని నస్కల్ దగ్గర, లావా పొరల మధ్య చిక్కిన మట్టిలో, డైనోసార్ల కాలపు చిట్టెలుకంత క్షీరదం దంతాలు దొరికాయి. 1988లో శాస్త్రలోకానికి పరిచయమైన ఆ జీవికి డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. వేరే దేశంలోనైతే ఆ ఊళ్లో ఈపాటికి ఒక మ్యూజియం ఉండేది.

హైదరాబాద్‌లోని మౌలాలి, గోల్కొండ, ఖాజాగూడ గుట్టల పుట్టుక వేరు. భూగర్భంలోనే చల్లబడిన ఆ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. దాని మీద పడ్డ వాన, పగులు దొరికితే తప్ప, జారిపోతుంది. అనంతగిరి నెత్తిన మాత్రం లావా గడ్డకట్టిన నల్లరాయి యుగాల తరబడి నాని, చివికి, రంధ్రాల ఎర్రరాయిగా, అంటే లాటరైట్‌గా మారింది. అది వాన నీటిని తాగేస్తుంది. అడుగున బంకమట్టో, గట్టి రాయో తగిలాక నీరు పక్కకు తిరిగి కొండ వాలులో ఊటగా బయటపడుతుంది. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి దగ్గర జనం మూసీ జన్మస్థానంగా కొలిచేది అలాంటి ఊటనే.

1908 సెప్టెంబరు 28 నాటి వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో రెండు జలాశయాలు వచ్చాయి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటిని కాపాడేందుకు 1996లో జీవో 111 తెచ్చి, 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. మంచి జీవోనే. కానీ ఆ గీత కొండదాకా రాలేదు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షల సడలింపు మొదలయ్యాక తగువంతా గీత లోపలి భూములకే పరిమితమైంది.

వికారాబాద్ జిల్లాలోని దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నౌకాదళ వీఎల్ఎఫ్ (జలాంతర్గాములకు సందేశాలు పంపే రేడియో) కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన చేసినప్పుడు ఎగువ అడవి మాట వార్తలకెక్కింది. దేశ రక్షణా, అడవా అన్న వాదన కనీసం జరిగింది. రిసార్టుల మీద ఆపాటి వాదన కూడా లేదు. ఒక బోరు, ఒక ఈతకొలను, ఒక సిమెంటు దారి విడివిడిగా చిన్నవే. కానీ ఎర్రరాతి నేలను కప్పేస్తే ఇంకే నీరు తగ్గుతుంది, వాలులో బోర్లు దించి తోడేస్తే ఊట సన్నబడుతుంది. నది ఒక్కరోజులో ఎండిపోదు కాబట్టి ఎవరికీ తప్పు అంటదు.

పర్యాటకాన్ని ఆపమనడం లేదు. వికారాబాద్ కుటుంబాలకు అది కూడు పెడుతోంది, దాన్ని మానుకోమని చెప్పే హక్కు వారాంతంలో అక్కడికి ఎగబడే నగరానికి లేదు. ఆ నగరం చేయగలిగింది ఖర్చు భరించడం. మూసీ పథకానికి పెట్టే డబ్బులో కొంత కొండకు మళ్లించాలి: ఊటలన్నిటినీ పటంలో గుర్తించడానికి, వాటి చుట్టూ కొత్త బోర్లకు హద్దు పెట్టడానికి, ఏప్రిల్, మే నెలల్లో ఎంత నీరు ఊరుతోందో ఏటా కొలిచి అందరికీ కనిపించేలా ప్రకటించడానికి. నదీతీరంలో ఒక విహారపథానికయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది ఏపాటిది?