మెడ నొప్పికి ముందు స్కానేనా?

ఈ వారం మా మద్దిలపాలెం క్లినిక్‌లో ముగ్గురు ఒకే వాట్సాప్ మెసేజ్ చూపించారు. "మెడ నొప్పంటే ఎముక అరిగినట్టే. ఫిజియోలు తల అటూ ఇటూ తిప్పి చూస్తే తెలిసేదేమీ లేదు, నేరుగా ఎమ్మారై తీయించండి. కాలర్ కట్టి మెడ కదపకండి. పట్టేస్తే సెలూన్‌లో ఓ విరుపు విరిపించండి." ఫిజియోని కాబట్టి రెండో మాటకి నాకు కాస్త ఎక్కువే మండింది.

ముందు అరుగుదల. 2015లో అచ్చయిన ఒక జపాన్ అధ్యయనంలో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎమ్మారై తీస్తే 87.6 శాతం మందిలో డిస్కు (ఎముకల మధ్య ఉండే మెత్త) ఉబ్బు కనిపించింది. ఇరవైల్లో ఉన్నవాళ్ళకీ ఎక్కువమందికి ఉంది. రిపోర్టులో "బల్జ్" అని రాసి ఉన్నంతమాత్రాన దొంగ దొరికినట్టు కాదు.

ఇక తిప్పి చూస్తే ఏం తెలుస్తుందన్నది. మొన్న ఒక బ్యాంకు ఉద్యోగిని స్కాన్ పట్టుకొచ్చింది. సి5-సి6, అంటే మెడలోని అయిదో, ఆరో ఎముకల మధ్య ఉబ్బు. బాధేమో చిటికెన వేలి తిమ్మిరి. ఆ ఉబ్బు నొక్కే నరం సాధారణంగా బొటనవేలి వైపు పోతుంది కదా! తల వెనక్కి, నొప్పి ఉన్న వైపుకి వంచి పైనుంచి మెల్లగా నొక్కాను. స్పర్లింగ్ పరీక్ష అంటారు దీన్ని. చేతిలోకి ఏమీ పాకలేదు. మోచేతి లోపలి గాడిలో వేలితో తట్టానో లేదో, "అమ్మో, అదే, అదే!" అంది. రోజంతా మోచెయ్యి టేబుల్ అంచుకి ఆనించి పనిచేస్తుందట. అంటే నరం నొక్కుకుంటున్నది మెడలో కాదు, మోచేతి దగ్గర.

గాజువాక పెద్దాయనది దీనికి తలకిందులు. నొప్పి పెద్దగా లేదు. "చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోతున్నానమ్మా, చిల్లర జారిపోతోంది" అన్నారు. గచ్చు మీద గీత వెంట అడుగులో అడుగేసి నడవమంటే మూడో అడుగుకే గోడ పట్టుకున్నారు. మధ్యవేలి గోరు దగ్గర చిటికేస్తే బొటనవేలు లోపలికి ముడుచుకుంది. అది హాఫ్‌మన్ గుర్తు, వెన్నుపాము నొక్కుకుంటోందేమోనని అనుమానించాలి. కరెంటు చికిత్స పెట్టలేదు, వ్యాయామం చెప్పలేదు. అదే రోజు న్యూరోసర్జన్ దగ్గరికి పంపాను. స్కాన్ కావలసింది ఈ పెద్దాయనకి.

దెబ్బ తగిలితే లెక్క వేరు. హైవే మీద బండి మీంచి గట్టిగా పడినా, దెబ్బ తగిలినవారు 65 ఏళ్ళవారో అంతకు పైబడినవారో అయినా, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కినా, మెడ తిప్పి చూసే పని పెట్టుకోకుండా ముందు ఎక్స్‌రే లాంటి ఫొటో తీయాల్సిందే. మెడకి దెబ్బ తగిలినప్పుడు ఫొటో ఎవరికి తీయాలో తేల్చడానికి 2001లో వచ్చిన కెనడా నిబంధన అదే చెబుతుంది.

కాలర్ నరం నొప్పి చెయ్యంతా లాగేస్తుంటే కొన్నాళ్ళు మేలు చేస్తుంది. మామూలు పట్టేతకి నెలల తరబడి కడితే మెడ కండరాలు పనే మర్చిపోతాయి.

సెలూన్ విరుపు మాత్రం వద్దే వద్దు. ఒక్కసారిగా మెలితిప్పితే మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం లోపలి పొర చిరగొచ్చు. అరుదే, కానీ పక్షవాతం దాకా పోతుంది. ఆ "టప్" చప్పుడు కీలులోని గాలిబుడగది, నరం వదిలినది కాదు. నూనె మర్దనా హాయిగా చేయించుకోండి, అతను గడ్డం కింద చెయ్యి పెట్టేసరికి మాత్రం "చాలు బాబూ" అని లేచిపోండి.