"తప్పనిసరి ఫీల్డులన్నీ నింపండి" గారికి బహిరంగ లేఖ

అయ్యా ఎర్రరు గారూ,

నమస్కారాలు. మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నా, ఇప్పుడు ఆరున్నర, ఈ మధ్యలో నాకు జరిగిన పనల్లా తమరి దర్శనమే. ఆఫీసు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాల్సింది మూడంటే మూడు లైన్ల వెండార్ ఇన్వాయిస్, అంటే మాకు సరుకు అమ్మినవాళ్ళ బిల్లు. అసలే నెలాఖరు. పోస్ట్ నొక్కడం, స్క్రీన్ అడుగున ఎర్రగా మీరు వెలగడం, మళ్ళీ నొక్కడం, మళ్ళీ వెలగడం. "తప్పనిసరి ఫీల్డులన్నీ నింపండి." సరే సార్, నింపుతా, ఏ ఫీల్డు? ఆ ఒక్క ముక్కా నోరు జారదు.

ఏదో ఖాళీగా ఉందని కనిపెట్టింది మీరే కదా, అంటే ఏది ఖాళీగా ఉందో తెలిసే ఉంటుంది కదా, మరి చెప్పడానికేం రోగం? పోనీ వివరంగా ఏమైనా ఉంటుందేమోనని మీ మీద డబుల్ క్లిక్ చేశా. డయాగ్నసిస్: తప్పనిసరి ఫీల్డు నింపలేదు. ప్రొసీజర్: తప్పనిసరి ఫీల్డు నింపండి. ఆహా, ఎంత జ్ఞానోదయం అయిందో.

స్టార్ గుర్తు ఉన్నవన్నీ ఒకటికి మూడుసార్లు చూశా, అన్నీ నిండే ఉన్నాయి. సపోర్ట్ వాళ్ళకి టికెట్ పెడదామని వెళ్తే ఆ ఫారంలో "ఏ ఫీల్డులో సమస్య?" అని ఉంది, దానికి మాత్రం చక్కగా స్టార్ పెట్టారు. అది తెలిస్తే మీ దాకా ఎందుకొస్తా నాయనా! చుక్క పెట్టి పంపా. క్యాష్ (డబ్బు కాదు, కంప్యూటర్ దాచుకునే పాత డేటా) క్లియర్ చేసి చూడమని జవాబొచ్చింది.

చివరికి పక్క సీటు అక్క వచ్చి, పోయిన నెల ఇదే వెండార్‌కి పోస్ట్ అయిన డాక్యుమెంట్ తెరిచి నా దాని పక్కన పెట్టి లైన్ లైన్ చూడమంది. చూశా. అందులో కాస్ట్ సెంటర్ ఉంది, అంటే ఆ ఖర్చు ఏ డిపార్ట్‌మెంట్‌దో చెప్పే కోడ్. నా స్క్రీన్‌లో? లేదు. ఖాళీగా ఉండటం కాదండీ, ఆ కాలమే లేదు! జీఎల్ అకౌంట్ (ఖర్చు రాసే ఖాతా నంబర్) కొట్టగానే ఆ అకౌంట్ ఫీల్డ్ స్టేటస్ (ఏ గడి తప్పనిసరో చెప్పే సెట్టింగ్) చూసి కాస్ట్ సెంటర్ తప్పనిసరి అని తమరు లోపల్లోపల తీర్మానించుకుంటారట, అందుకే ముందు స్టార్ ఉండదట. ఇటు ఎవరో మహానుభావుడు స్క్రీన్ నీట్‌గా ఉండాలని లేఅవుట్‌లో ఆ కాలమ్ దాచేశాడు. అడిగేదీ మీ సిస్టమే, దాచేదీ మీ సిస్టమే, మధ్యలో తిట్లు నాకు. గది తాళం నీ జేబులో పెట్టుకుని లోపలికి రాలేదేం అని నన్ను నిలదీస్తావా? నాలుగు గంటలు పోయాయిరా బాబూ, కనపడని గడి నింపలేదని!

పనిలో పనిగా ఇంకోటి. 0 కొడితే కొన్ని చోట్ల ఖాళీ కిందే లెక్కేస్తావు, స్పేస్ కొడితే ఇంకొన్ని చోట్ల నిండినట్టే మురిసిపోతావు. నీ భయానికి జనం ఏం చేస్తున్నారో ఎప్పుడైనా చూశావా? వెండార్ల చిరునామాలూ ఫోన్లూ ఉండే వెండార్ మాస్టర్ తెరువు. వీధి పేరు చుక్క, ఊరి పేరు చుక్క, ఫోన్ పది తొమ్మిదులు. అన్నీ నిండాయి, నీకు పండగ, రిపోర్ట్ తీసేవాడికి చావు.

అయినా నిజం చెప్పాలంటే నువ్వే లేకపోతే మేం కాస్ట్ సెంటర్ అనేది జన్మలో వేయం. ఖర్చులన్నీ ఏ డిపార్ట్‌మెంట్‌వో తెలియక ఏడాది చివర్లో కొట్టుకుచచ్చేవాళ్ళం. అది ఒప్పుకుంటా. అడగడం తప్పు కాదు, అడిగేది ఏంటో చెప్పు అంటున్నా, అంతే.

లేఅవుట్ మార్చుకున్నా. కాలమ్ కనపడింది. మూడు లైన్లకీ కాస్ట్ సెంటర్ కొట్టి, ఊపిరి బిగబట్టి పోస్ట్ నొక్కా. ఈసారి మీరు రాలేదు.

మీ తమ్ముడొచ్చాడు. "పోస్టింగ్ పీరియడ్ ఓపెన్‌లో లేదు." ఈ నెల ఖాతాలు ఆరింటికే క్లోజ్ చేసేశారట.

ఇట్లు,
పేరు*: .