విత్తన బ్యాంకుకు కాస్త గడ్డి పెడుతూ

విత్తన బ్యాంకు గారికి,

మీకు గడ్డి పెడదామనే ఈ ఉత్తరం. రెండర్థాల్లోనూ.

దాచిన సొమ్ము లాకర్లోనే ముసలిదైపోయే బ్యాంకు లోకంలో మీదొక్కటే అనుకుంటా. తేమ పిండేసి, అల్యూమినియం రేకు పొట్లంలో సీలు వేసి, మైనస్ 18 డిగ్రీల చలిలో పడుకోబెట్టినా విత్తనం నెమ్మదిగా చస్తూనే ఉంటుంది కాబట్టి, కొన్నేళ్లకోసారి పొట్లం విప్పి, కొన్ని గింజల్ని తడి కాగితం మీద పరిచి మొలకలు లెక్కపెట్టుకోవాలి. మొదట్లో ఉన్న మొలక శక్తిలో 85 శాతం కన్నా దిగితే మళ్లీ పొలంలో చల్లి కొత్త విత్తనం పట్టాలి. వడ్డీ సంగతి దేవుడెరుగు, అసలు నిలవడానికే ఇంత చాకిరీ!

వరి, గోధుమ బుద్ధిమంతులు, ఎక్కువగా సొంత పుప్పొడితోనే పని కానిచ్చేస్తాయి. పశువుల మేతకి వేసే రై గడ్డి అలా కాదు. పక్క మడిలో ఇంకో రకం కనిపిస్తే గాలిలోనే పెళ్లి చేసుకుంటుంది, దూరంగా వేయకపోతే పుట్టిన పిల్లలకి మీరు అదే పాత లేబుల్ అంటించి లోపల పెడతారు. ఇంకో మేతగడ్డి, గినీది ఇంకో గోల. ఒకే వెన్నులో పై గింజ రాలిపోతుంటే కింది గింజ ఇంకా పాలు పోసుకుంటూ ఉంటుంది, ఎప్పుడు కోసినా నష్టమే, కోసినదాన్ని ఊదితే తాలే తాలు. (నేపియర్ గడ్డి తెలివైంది. మీ ఫ్రిజ్ గొడవ లేకుండా, కణుపు ముక్కలుగా పొలంలోనే కాపురం.)

మీ పాస్‌పోర్ట్ డేటా, అంటే ఏ విత్తనం ఎక్కడ దొరికిందో రాసుకునే రికార్డు, కూడా చూశాను. ఒక మేతగడ్డికి 'సేకరించిన చోటు: రోడ్డు పక్కన' అని ఉంది, మిగతా గళ్లన్నీ ఖాళీ. ఆవుకి కూడా అంతకన్నా ఎక్కువ తెలిసుంటుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన బ్యాంకు సేకరణ చేజారితే, ఆ బ్యాంకువాళ్లు 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ (నార్వేలోని మంచు దీవుల్లో ఉన్న విత్తన ఖజానా) నుంచి 2015లో తాము దాచుకున్న విత్తనాలు వెనక్కి తీసుకుని, లెబనాన్, మొరాకోల్లో పండించి, 2017 నుంచి మళ్లీ ఆ ఖజానాకే పంపారు. తీసిన అప్పు ఇంత బుద్ధిగా తీర్చినవాళ్లని నేనింకెక్కడా చూడలేదు.

అందుకే కోపం పక్కన పెట్టి ఒక చిన్న అర్జీ. ఈసారి గడ్డి పొట్లం విప్పినప్పుడు ఆ రికార్డులో ఒక్క గడి కొత్తగా గీయండి: 'పశువు తిన్నదా, మూతి తిప్పుకుందా?'

ఇట్లు,
పాలు తాగి బతికేవాడొకడు