బాంబులు పోయాయి, లెక్క మిగిలింది

1993 మార్చి 24న దక్షిణాఫ్రికా అధ్యక్షుడు ఎఫ్‌.డబ్ల్యూ. డి క్లెర్క్ పార్లమెంటులో ఒక నిజం ఒప్పుకున్నారు. తమ దేశం రహస్యంగా ఆరు అణుబాంబులు తయారు చేసిందని, వాటిని అప్పటికే విప్పేశామని చెప్పారు. ఉక్రెయిన్, కజకిస్థాన్‌లు వదులుకున్నవి సోవియట్ యూనియన్ మిగిల్చిపోయిన ఆయుధాలు. తాను చేసుకున్న బాంబుల్ని తన చేతులతోనే లేకుండా చేసిన దేశం దక్షిణాఫ్రికా ఒక్కటే. అణ్వస్త్రాలున్న ఏ దేశమూ ఇప్పటికీ చేయలేని పని అది.

అయితే ఆ పని జరిగిన తీరును కూడా చూడాలి. 1991 జూలైలో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరకముందే బాంబులు విప్పేశారు. వాటి తయారీకి సంబంధించిన పత్రాల్ని కూడా, బయటివాళ్లెవరూ చూడకముందే ధ్వంసం చేశారు. డిజైన్లు ఇంకెవరి చేతికీ చిక్కకూడదన్నది ప్రభుత్వం వాదన. అందులో కొంత న్యాయం ఉంది. కానీ ఎవరు ఆదేశించారు, ఎవరిపై వాడాలనుకున్నారు అనే ప్రశ్నలకు ఆధారాలూ వాటితోపాటే తగ్గిపోయాయి. అదృష్టవశాత్తు యురేనియం శుద్ధి ప్లాంటు రికార్డులు మిగిలాయి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు వాటిని పట్టుకుని, తయారైన యురేనియానికీ చేతిలో ఉన్నదానికీ పొంతన చూశారు. కలహారి ఎడారిలో పరీక్షల కోసం తవ్విన గోతులను కూడా వాళ్ల కళ్లెదుటే పనికిరాకుండా చేశారు.

రసాయన, జీవాయుధాల విషయంలో ఆ మాత్రం నిజాయితీ కూడా కనిపించలేదు. 1981లో మొదలైన రహస్య రసాయన, జీవాయుధాల కార్యక్రమం ‘ప్రాజెక్ట్ కోస్ట్’ గురించి డి క్లెర్క్ ఆ రోజు నోరు విప్పలేదు. ప్రజలకు దాని సంగతి వివరంగా తెలిసింది 1998లో, వర్ణవివక్ష పాలన నాటి అకృత్యాలపై ఏర్పాటైన సత్య సయోధ్య కమిషన్ విచారణలో. ప్రాణాంతకమైన ఆంత్రాక్స్ క్రిములు పూసిన సిగరెట్లు, విషం కలిపిన చాక్లెట్లు, నల్లజాతీయులకు పిల్లలు పుట్టకుండా చేసే మందు కోసం పరిశోధన... వింటుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని నడిపిన డాక్టర్ వూటర్ బాసన్ 2002లో కోర్టులో నిర్దోషిగా బయటపడ్డారు. వైద్య మండలి మాత్రం 2013లో ఆయన ప్రవర్తనను తప్పుపట్టింది. బాధిత కుటుంబాలకు న్యాయం దక్కిందని మేం అనుకోవడం లేదు.

అణ్వస్త్రాల నిషేధ ఒప్పందాన్ని 2019లో ఆమోదించిన దక్షిణాఫ్రికాకు ఈ రంగంలో మాట్లాడే హక్కు ఉంది. ఆఫ్రికాను అణ్వస్త్ర రహిత ప్రాంతం చేసిన ఒప్పందానికి దక్షిణాఫ్రికాలోని పెలిండాబా పేరే పెట్టారు. అదే పెలిండాబా అణు కేంద్రంలో పాత బాంబుల నుంచి తీసిన యురేనియం మిగిలి ఉంది. 2007 నవంబరులో సాయుధులు అక్కడి కరెంటు కంచె దాటి కంట్రోల్ రూమ్ దాకా వెళ్లి ఒక ఉద్యోగిని కాల్చారు. యురేనియం జోలికి వెళ్లకపోయినా, ఎంతో టెన్షన్ పెట్టిన ఘటన అది. వైద్య ఐసోటోపుల (రోగ నిర్ధారణకు, చికిత్సకు వాడే రేడియోధార్మిక పదార్థాల) తయారీకి బాంబు స్థాయి యురేనియమే అక్కర్లేదని దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలే చేసి చూపించారు కూడా. ఆ నిల్వను పలుచన చేసి తక్కువ స్థాయికి దించాలి. ప్రాజెక్ట్ కోస్ట్ కాగితాల్లో ఇంకా దాచి ఉంచినవాటిని, ఆ ప్రయోగాలకు బలైనవాళ్ల పిల్లలు చదువుకునేలా బయటపెట్టాలి.