ప్లాటినం తగ్గింది సరే, సెల్ ఎంత కరెంటు ఇస్తోంది?

హైడ్రోజన్, ఆక్సిజన్‌ల చర్యతో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం తగ్గించే మిశ్రమలోహ ఉత్ప్రేరకాలపై (చర్య వేగం పెంచే పదార్థాలపై) వచ్చే పరిశోధన పత్రాలు చాలావరకు ఒకే అంకె చుట్టూ తిరుగుతుంటాయి. 0.9 వోల్టుల దగ్గర మిల్లీగ్రాము ప్లాటినం ఎన్ని ఆంపియర్లు ఇస్తోందన్నదే ఆ అంకె. అమెరికా ఇంధన శాఖ పెట్టిన లక్ష్యం 0.44 అయితే, ప్రయోగశాలల్లో 5 దాటినవీ ఉన్నాయి. అయినా 2014లో మార్కెట్లోకి వచ్చిన టొయోటా మిరాయ్ కారు క్యాథోడ్‌లో (సెల్‌లో ఆక్సిజన్ వైపు ఎలక్ట్రోడ్) ఉన్నది సాదా ప్లాటినం-కోబాల్ట్ మిశ్రమమే. ఆ అంకె కోసం పరుగు ఇక చాలు. సెల్‌లో కష్టం వేరే చోట ఉంది.

హైడ్రోజన్ వైపు చర్య చాలా వేగంగా జరుగుతుంది కాబట్టి అక్కడ చదరపు సెంటీమీటరుకు 0.025 నుంచి 0.05 మిల్లీగ్రాముల ప్లాటినం సరిపోతుంది. ఆక్సిజన్ నీరుగా మారే క్యాథోడ్ వైపే జాప్యమంతా. ప్లాటినం మీద హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ ఉన్న OH) కాస్త గట్టిగా అతుక్కుపోయి, తర్వాతి ఆక్సిజన్‌కు చోటివ్వదు. ఆ పట్టు సుమారు 0.1 ఎలక్ట్రాన్ వోల్టు సడలితే వేగం పెరుగుతుంది. కోబాల్ట్, నికెల్ పరమాణువులు ప్లాటినం కన్నా చిన్నవి. అవి లోపల ఉంటే పైనున్న ప్లాటినం పొర నొక్కుకుపోయి పట్టు సడలుతుంది. మూడు పాళ్ల ప్లాటినం, ఒక పాలు నికెల్ ఉన్న స్ఫటికపు ఒకానొక తలం, అదే తలం ఉన్న శుద్ధ ప్లాటినం కన్నా పది రెట్లు చురుకైనదని 2007లో తేలింది. ఈ రంగం మొత్తాన్ని పరుగెత్తించిన ఫలితమది. అయితే అది నునుపైన ఏకస్ఫటికం మీద వచ్చింది. సెల్‌లో ఉండేవి 3 నుంచి 5 నానోమీటర్ల కణాలు.

ఇప్పుడు కొలిచే పద్ధతి చూద్దాం. తిరిగే డిస్క్ ఎలక్ట్రోడ్ మీద చదరపు సెంటీమీటరుకు ఇరవై మైక్రోగ్రాముల వరకు ప్లాటినం పూసి, 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ ఆమ్లంలో ముంచి, నిమిషానికి 1600 చుట్లు తిప్పుతారు. ద్రవంలో కరిగిన ఆక్సిజన్ కొద్దిదే కాబట్టి కరెంటు చదరపు సెంటీమీటరుకు 6 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. కారు నడవాలంటే కావలసింది 1.5 నుంచి 2 ఆంపియర్లు, అంటే దాదాపు మూడు వందల రెట్లు. అక్కడ ఎదురయ్యే ఇబ్బందులు ఈ పరీక్షలో కనపడే అవకాశమే లేదు.

లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. చదరపు సెంటీమీటరుకు క్యాథోడ్ ప్లాటినాన్ని 0.4 నుంచి 0.1 మిల్లీగ్రాముకు తగ్గిస్తే చర్యావేగం పరంగా పోయేది దాదాపు 42 మిల్లీవోల్టులు (కరెంటు పదింతలైతే 70 మిల్లీవోల్టులు పోతాయనే లెక్కన). నాలుగు రెట్లు చురుకైన మిశ్రమం ఆ నష్టాన్ని పూర్తిగా పూడుస్తుంది. కానీ పూడ్చలేనిది ఇంకొకటుంది. గ్రాముకు 60 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటే, 0.1 మిల్లీగ్రాముతో ఎలక్ట్రోడ్ ప్రతి చదరపు సెంటీమీటరుకూ దొరికే ప్లాటినం ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లే. 1.5 ఆంపియర్ల దగ్గర ఒక్కో చదరపు సెంటీమీటరు ప్లాటినం 25 మిల్లీ ఆంపియర్లు మోయాలి, 0.4 మిల్లీగ్రాములున్నప్పుడు ఆ భారం 6 మాత్రమే. ఆ కరెంటుకు తగిన ఆక్సిజనంతా కణాన్ని కప్పిన కొద్ది నానోమీటర్ల అయానోమర్ (ప్రోటాన్లను మోసుకెళ్లే పాలిమర్) పొరలోంచే దూరి రావాలి. పైగా మిశ్రమం కావడానికి 700 నుంచి 900 డిగ్రీల దాకా వేడిచేస్తే కణాలు కలిసి పెద్దవవుతాయి. ఉపరితలం 40కి పడిపోతే భారం 37కు ఎక్కుతుంది. ఎక్కువ కరెంటు తీసేకొద్దీ సెల్ వోల్టేజి పడిపోతుంది. 0.9 వోల్టుల దగ్గర గెలిచిన మిశ్రమం 0.6 వోల్టుల దగ్గర మామూలు ప్లాటినం చేతిలో ఓడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండో దెబ్బ కోబాల్ట్ కరిగిపోవడం వల్ల. మూడు పాళ్ల ప్లాటినానికి ఒక పాలు కోబాల్ట్ అనుకుంటే, 0.1 మిల్లీగ్రాము ప్లాటినంతో పాటు 0.17 మైక్రోమోల్ కోబాల్ట్ ఉంటుంది. ఒక్కో కోబాల్ట్ అయాన్ రెండు ప్రోటాన్ల చోటు ఆక్రమిస్తుంది. అదే పొరలో సుమారు 0.2 మిల్లీగ్రాము అయానోమర్ ఉంటే అందులో ప్రోటాన్లు కూర్చునే సల్ఫోనిక్ ఆమ్ల స్థానాలు దాదాపు 0.2 మైక్రోమోల్, కోబాల్ట్ అంతా బయటకొస్తే కావలసినవి 0.34. కొంత పొరుగునున్న మెంబ్రేన్‌లోకి (రెండు ఎలక్ట్రోడ్లను వేరుచేసే పొర) పోతుంది, నిజమే. కానీ కరెంటు పారుతున్నప్పుడు విద్యుత్ క్షేత్రం ఆ అయాన్లను తిరిగి క్యాథోడ్ వైపే తోస్తుంది. సరిగ్గా ఎక్కువ శక్తి కావలసిన వేళలోనే ప్రోటాన్ల దారి మూసుకుపోతుంది. ప్లాటినం కన్నా కోబాల్టో నికెలో ఎక్కువున్న మిశ్రమాల సంగతి చెప్పనక్కరలేదు. ఇనుమైతే ఇంకా ప్రమాదం: హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి రాడికల్స్ (చాలా తీవ్రంగా చర్య జరిపే అణు శకలాలు) పుట్టించి మెంబ్రేన్‌నే తినేస్తుంది.

అందుకే తయారీలో ఆమ్లంతో కడగడాన్ని లాంఛనంగా చూడకూడదు. వేడిచేసిన పొడిని వెచ్చని పలుచటి ఆమ్లంలో గంటల తరబడి ఉంచి, వదులుగా ఉన్న లోహాన్ని సెల్ కట్టకముందే తీసేయాలి. కడిగిన ద్రవంలో కోబాల్ట్ ఎంతుందో కొలవకుండా ఆపేస్తే మిగిలినది మెంబ్రేన్‌లో తేలుతుంది. ప్లాటినం, కోబాల్ట్ పరమాణువులు వరుస పొరలుగా అమరిన క్రమబద్ధ మిశ్రమాలు ఎక్కువ కాలం నిలుస్తాయి. కానీ ఆ అమరికకూ అధిక వేడే కావాలి కాబట్టి కణం పెద్దదవుతుంది. కణాలకు ఆధారమైన కార్బన్ మీద పెట్టే శ్రద్ధే ఇక్కడ ఎక్కువ ఫలితమిస్తుంది. అయానోమర్ దూరలేనంత చిన్నవైనా ఆక్సిజన్ సులువుగా చేరేలా నోరున్న రంధ్రాల్లో కణాలను కూర్చోబెడితే, అవి ఒకదానికొకటి అతుక్కోవు, అయానోమర్‌లోని సల్ఫోనేట్ నేరుగా ప్లాటినాన్ని పట్టుకోదు, ఆక్సిజన్ దారీ మూయదు.

కొత్త ఉత్ప్రేరకం గురించి చెప్పేటప్పుడు అడగాల్సినవి ఇవి: 0.1 మిల్లీగ్రాము క్యాథోడ్‌తో, స్వచ్ఛమైన ఆక్సిజన్ కాకుండా గాలితో, 80 డిగ్రీల దగ్గర 1.5 ఆంపియర్లప్పుడు వోల్టేజి ఎంత? వోల్టేజిని 0.6, 0.95 వోల్టుల మధ్య 30,000 సార్లు పైకీ కిందికీ మార్చాక ఎంత? మొదట ఉన్న కోబాల్ట్‌లో చివరికి కణంలో మిగిలింది ఎంత? తేమ తగ్గించినప్పుడు ఏమైంది? డిస్క్ మీద వచ్చిన అంకె వీటిలో ఒక్కదానికీ జవాబు కాదు.

భారీ ట్రక్కుల విషయంలో అమెరికా ఇంధన శాఖ ఈ దిశగా ఇప్పటికే మళ్లింది. రెండు ఎలక్ట్రోడ్లకూ కలిపి చదరపు సెంటీమీటరుకు 0.3 మిల్లీగ్రాముల ప్లాటినం దాకా ఒప్పుకొని, బదులుగా 25,000 గంటల వాడకానికి సమానమైన పరీక్ష ముగిశాక కూడా 0.7 వోల్టుల దగ్గర గ్రాము ప్లాటినానికి 2.5 కిలోవాట్లు రావాలంది. కొత్త పొడి ఎంత చురుకైనదన్నది అక్కడ లెక్కలోకే రాదు.